తాడు కట్టిన అరుగు

భద్రాచలం నుంచి చర్ల వెళ్లే దారిలో ఒక ఆడపిల్లల హాస్టలు బడి ఉంది. పేరు చెప్పను. చెబితే అక్కడ పనిచేసేవాళ్లకు ఇబ్బంది, చెప్పకపోతే చదివేవాళ్లకు వచ్చే నష్టమేమీ లేదు. ఖమ్మంలో పత్రిక డెస్కు మీద చాలా ఏళ్లు పనిచేసి, విరమణ తర్వాత నేను గోదావరి దాటి వచ్చి ఈ వైపు ఇల్లు కిరాయికి తీసుకున్నాను. ఆదివారాలు ఆ బడికి వెళ్లి పిల్లల చేత గోడపత్రిక రాయించడం అలవాటైంది. అందువల్ల రెండో ఆదివారాలన్నీ నా కళ్లముందే జరిగాయి.

రెండో ఆదివారం అంటే తల్లిదండ్రులు పిల్లలను చూసుకునే రోజు. నెలకు ఆ ఒక్కటే. పొద్దున్నుంచే షేర్ ఆటోల్లో అడవి ఊళ్ల తల్లులు దిగేవాళ్లు. తండ్రులు తక్కువ. సంచుల్లో అన్నం మూట, ఎండుచేపల పులుసు, పండగ దాటిన కొత్తలో అయితే కోడికూర, ఎండలు ముదిరే రోజుల్లో తునికి పండ్లు. గేటు దాటగానే ప్రహరీ గోడ పక్కన రెండు వేపచెట్లు, ఒక కానుగ. వాటి కింద నేల మీద గుండ్రంగా కూర్చుని, ఆకుల్లో పెట్టుకుని తినేవాళ్లు. తిన్నాక అసలు పని మొదలయ్యేది. ప్రతి తల్లీ తన బిడ్డను ముందు కూర్చోబెట్టుకుని, జడ విప్పి, పేలు చూసేది. పొద్దు వాలేదాకా అదే. దూరం నుంచి చూస్తే అది ఒక పని లాగా కనిపించదు. దగ్గర నుంచి చూస్తే నెల మొత్తం మీద ఆ పిల్లకు అందే ప్రేమంతా ఆ దువ్వెన పళ్ల గుండానే వస్తున్నదని తెలుస్తుంది.

వాళ్లలో ఒక తల్లిని నేను ఎక్కువగా గమనించాను. చర్ల దాటి, ఛత్తీస్‌గఢ్ వైపు లోపలికి ఉన్న ఊరు ఆమెది. ఇంట్లో మాట్లాడేది కోయ, మాతో తెలుగు. కూతురు ఆరో తరగతిలో చేరింది. ఆ పిల్లకు బడి పడలేదు. చదువు రాక కాదు, బాగానే చదివేది. రాత్రిళ్లు నిద్ర పట్టదని, ఇంటికి పోతానని ఏడ్చేది. తల్లి కనిపించిన ప్రతి రెండో ఆదివారం పొద్దున అదే ఏడుపు, అదే మాట. "నేను ఈడ ఉండనే." తల్లి తిట్టేది కాదు, బుజ్జగించేది కాదు. అన్నం పెట్టేది, తల దువ్వేది, వాళ్ల భాషలో మెల్లగా ఏదో చెబుతూ ఉండేది. సాయంత్రానికి ఆ పిల్ల తనంతట తనే లేచి హాస్టల్ వైపు నడిచేది.

ఒకసారి అడిగాను. "ఏం చెప్తవమ్మా, అంతసేపు?"

"ఏం చెప్త సారూ. ఇంటి ముచ్చట్లే. మేక ఈనిందని, గుమ్మడి పాదు ఇంటి మీదికి ఎక్కిందని. నెత్తి మీద చెయ్యి పడితే దానికి నిమ్మలమైతది. ఇంకో నెల ఉంటది."

వాళ్ల ఊళ్లో బడి అయిదు వరకే. ఇక్కడ నుంచి వెళ్లిపోతే ఆ పిల్ల చదువు అంతే. తల్లికి అది బాగా తెలుసు. "నాలెక్క కావద్దు," అని ఒక్కసారి అన్నది. ఆమె దగ్గర ఉన్న ఉపాయం ఒకటే. నెలకొక రోజు, కొంత నీడ, కూర్చోవడానికి కాస్త చోటు.

ఆ చలికాలంలో బడికి ఒక దాత వచ్చాడు. సత్తుపల్లి వైపు రైతు. వాళ్ల తాతల కాలంలో కృష్ణా జిల్లా నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం, పామాయిలు తోటలు, మామిడి. తండ్రి పోయిన ఏడాది ఆయన పేరు మీద ఏదైనా బడికి చేయాలని అనుకున్నాడట. మర్యాదస్తుడు. ప్రిన్సిపాల్ మేడం ఆయన్ని క్యాంపస్ అంతా తిప్పి చూపించింది. రెండో ఆదివారం కావడంతో తల్లులందరూ నేల మీద ఉన్నారు. ఆయన అది చూసి నిజంగానే నొచ్చుకున్నాడు.

"ఏంటండీ ఇది, మట్టిలో కూర్చుని తింటున్నారు. మంచి సీటింగ్ కట్టిద్దాం. మా నాన్నగారి పేరు మీద," అన్నాడు.

ఆ తర్వాతి వారం ఆయనతో పాటు ఖమ్మం నుంచి ఒక కుర్ర ఇంజినీరు ల్యాప్‌టాప్‌తో వచ్చాడు. స్టాఫ్ రూములో బొమ్మ చూపించాడు. పుట్టగొడుగుల్లాంటి సిమెంటు గొడుగులు, ఒక్కో గొడుగు కింద గుండ్రటి నల్ల గ్రానైటు బల్ల, చుట్టూ నాలుగు స్టూళ్లు. బొమ్మలో అమ్మాయిలు కూడా ఉన్నారు. జుట్టు విరబోసుకుని, చేతుల్లో కాఫీ కప్పులతో, ఎదురుగా ల్యాప్‌టాపులతో నవ్వుతున్నారు.

"ఈ పిల్లలు ఎవరు బాబూ?" అన్నాను.

"అవి సాఫ్ట్‌వేర్‌లోనే వస్తాయి సార్."

"మన పిల్లలు సాఫ్ట్‌వేర్‌లో రారా?"

మేడం నవ్వింది, ఇంజినీరు నవ్వలేదు. నేను కుర్చీ లాక్కుని కూర్చుని చెప్పడం మొదలుపెట్టాను. ఈ స్టూలు మీద కూర్చున్న తల్లి కూతురి తల ఎలా చూస్తుంది? పిల్ల ఎక్కడ కూర్చుంటుంది? ఎదురు స్టూలు మీద కూర్చుంటే తల్లికి అందేది పిల్ల ముక్కు, జడ కాదు. కాళ్లు మడిచి కూర్చునేవాళ్లను కాళ్లు వేలాడదీసి కూర్చోమంటే అన్నం తింటారా, ఆఫీసు బయట పిలుపు కోసం చూస్తున్నట్టు ఉంటారా? ఇక నల్లరాయి. ఏప్రిల్లో మన దిక్కు నల్లరాయి మీద కూర్చున్న మనిషి మళ్లీ కూర్చోడు.

"మరి ఏం కట్టమంటారు?" అన్నాడు దాత, విసుగు లేకుండానే.

"అరుగు," అన్నాను.

అంత చిన్న మాటకు అంత పెద్ద ల్యాప్‌టాపు ఎందుకన్నట్టు ఇంజినీరు మూత వేశాడు. దాత మాత్రం కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నాడు. "మా అమ్మ మా చెల్లికి తల దువ్వేది వీధరుగు మీదేనండి. చెల్లి కింది మెట్టు మీద కూర్చునేది." ఆ ఒక్క మాటతో డిజైన్ మారిపోయింది. ఆ రోజు ఆయన మీద నాకు చాలా గౌరవం కలిగింది. ఆ గౌరవం ఎక్కువ కాలం నిలబడలేదు కాబట్టి, కలిగిన సంగతి కూడా రాయడం న్యాయం.

ఆ పని మీద నేను పెట్టిన శ్రద్ధ, పత్రికలో ఉన్నప్పుడు మొదటి పేజీ మీద కూడా పెట్టలేదేమో. చెట్లు ఒక్కటీ కొట్టకుండా వాటి చుట్టూ మూడు వైపులా అరుగు. గోడకు ఆనుకునే వైపు వీపుకు ఆసరా. కాళ్లు మడిచి కూర్చున్నా ముందు ఆకు పెట్టుకునేంత వెడల్పు. దాని కింద, సగం ఎత్తులో, పొడవునా ఒక మెట్టు. తల్లి పైన, బిడ్డ కింద. పైన గరుకు షాబాదు బండ. కానుగ నీడ చేరని వైపు ఇనుప స్తంభాల మీద పెంకుల కప్పు. చివర చేతులు కడుక్కోవడానికి నల్లాలు, నీళ్లు పోవడానికి కాలువ.

ఎత్తు దగ్గర తేలలేదు. మేస్త్రీ కొత్తగూడెం వాడు, తాత నాటి నుంచి అదే వృత్తిలో ఉన్న ముస్లిం కుటుంబం. "సార్, గోడ కట్టమంటే కడత, మెట్లు కట్టమంటే కడత. పేలు చూసుకునే మెట్టంటే మా దాదా కూడా కట్టలే," అని నవ్వాడు. చివరికి సెలవుల ముందు వచ్చిన రెండో ఆదివారం ఉత్త ఇటుకలు పేర్చి, నేను చెప్పిన తల్లిని పిలిచి కూర్చోమన్నాం. ఆమె సిగ్గుపడింది. కూతురు చెయ్యి పట్టి లాక్కొచ్చింది.

"ఇంకొంచెం దించు అన్నా, మోకాళ్లు గుంజుతున్నయ్," అన్నది ఆమె. మేస్త్రీ ఒక వరుస తీశాడు. "ఇప్పుడు?" "అవ్, ఇప్పుడు మంచిగున్నది." పిల్లను కింది వరుస మీద కూర్చోబెట్టి, అలవాటుగా ఆమె చేతులు జడ మీదికి పోయాయి. చుట్టూ ఉన్న తల్లులు నవ్వారు. "దీని పేలన్నీ ఇయ్యాల్నే సచ్చినయ్," అని ఒకామె అన్నది. ఆ ఎత్తునే ఖాయం చేశాం.

వేసవి సెలవుల్లో పని పూర్తయింది. బాగా వచ్చింది. ఇది నేను ఊరికే అనడం లేదు, మేస్త్రీ కూడా చేతులు కడుక్కుని కాసేపు దూరంగా నిలబడి చూసుకున్నాడు. బడి తెరిచే ముందు రోజు నేను వెళ్లేసరికి అరుగు చుట్టూ పసుపు రంగు ప్లాస్టిక్ తాడు కట్టి ఉంది. స్తంభానికీ స్తంభానికీ మధ్య రెండు వరుసలు. సిమెంటు ఆరడానికి అనుకున్నాను. ముందు వైపు దిమ్మె మీద ఒక శిలాఫలకం, దాని మీద గుడ్డ కప్పి ఉంది. గుడ్డ ఎత్తి చూశాను. దాత తండ్రి పేరు చిన్న అక్షరాల్లో, ముఖ్య అతిథి పేరు పెద్ద అక్షరాల్లో, తేదీ ఉండాల్సిన చోట ఖాళీ.

"ప్రారంభోత్సవం ఎప్పుడు మేడం?"

"డేట్ రావాలి సార్. అప్పటిదాకా ఎవరూ కూర్చోవద్దు," అన్నది ప్రిన్సిపాల్.

జూన్ నెల రెండో ఆదివారం నాటికి పిల్లలే సగం మంది రాలేదు కాబట్టి గొడవ తెలియలేదు. జూలైలో తెలిసింది. తల్లులు వచ్చారు. వాచ్‌మన్ వాళ్లను గేటు దగ్గరే ఆపాడు. చెట్ల కింద నేలంతా ఇప్పుడు అరుగు అయింది. అరుగు చుట్టూ తాడు. మిగిలిన చోట ముఖ్య అతిథి కోసం పచ్చగడ్డి పరిచి నీళ్లు పెడుతున్నారు. వరండాలకు కొత్త సున్నం. కాబట్టి పిల్లలనే బయటికి పంపించారు, గేటుకూ రోడ్డుకూ మధ్య ఉన్న కంకర పట్టీ మీదికి. ఇసుక లారీలు పోతుంటే దుమ్ము అన్నంలో పడుతోంది. తల్లులు కొంగులు అడ్డం పెట్టి తినిపించారు. కంకర మీద ఎవరూ ఎక్కువసేపు కూర్చోలేరు. నిలబడి, ఒక చేత్తో పిల్లను పట్టుకుని, మాట్లాడి, మధ్యాహ్నానికే వెళ్లిపోయారు.

నేను చెప్పిన తల్లి గేటు ఊచల్లోంచి లోపలికి చూస్తున్నది. కొబ్బరికాయ కొట్టిన గుర్తు, పసుపు కుంకుమ బొట్లు, గుడ్డ కప్పిన రాయి, చుట్టూ తాడు.

"ఏ దేవుణ్ణి పెట్టిండ్రు సారూ?"

"దేవుడు కాదమ్మా. మీరు కూర్చోవడానికి కట్టింది."

ఆమె నా వైపు చూసింది. నేను వెక్కిరిస్తున్నానేమో అని ఆ చూపు.

ఆ రోజు పిల్ల ఏడుపు ఆగలేదు. తల చూడడానికి కుదరలేదు. సాయంత్రం దాకా ఉండడానికి లేదు. తల్లి ఆటో ఎక్కుతుంటే పిల్ల గేటు పట్టుకుని, ఊచ మీద నుదురు ఆనించి నిలబడింది. ఇద్దరు టీచర్లు వచ్చి తీసుకుపోయారు.

నాకు కోపం వచ్చింది. ముప్పయ్యేళ్లకు పైగా ప్రారంభోత్సవం ఫొటోల కింద రెండు వాక్యాలు దిద్ది పంపడం నా ఉద్యోగం. కత్తెర ఎవరు పట్టుకున్నారో, పళ్లెం ఎవరు పట్టుకున్నారో, పక్కన ఎవరున్నారో రాస్తాం. రిబ్బను కట్టిన రోజు నుంచి కత్తిరించిన రోజు దాకా ఆ వస్తువు ఎవరికీ పనికిరాకుండా ఎలా పడి ఉందో ఏ ఫొటోలోనూ రాదు. ఆస్పత్రి మంచం, నీళ్ల ట్యాంకు, బస్ షెల్టరు, ఏదైనా సరే. కట్టింది జనం కోసమే. కానీ మొదట పెద్దమనిషి ముట్టాలి. ఆయన ముట్టేదాకా జనం దాన్ని ముడితే మైల పడుతుంది. ఏ శాస్త్రంలో ఉందో తెలియదు. మన దగ్గర మాత్రం అందరూ పాటిస్తారు, చదువుకున్నవాళ్లు మరీ నిష్ఠగా పాటిస్తారు.

ప్రిన్సిపాల్ మేడం గదిలోకి వెళ్లి కూర్చున్నాను. ఆమె మీద అరవాలనే వెళ్లాను.

"అరవండి సార్, మీరూ అరవండి," అన్నది ఆమె. "మునుపటి బడిలో నీళ్ల ఫిల్టరు పెట్టిండ్రు. ఎండాకాలం. పిల్లలు మురికినీళ్లు తాగుతుంటే ఓపెనింగ్ కాకముందే ఆన్ చేసిన. ఎవరో ఫొటో తీసి పంపిండ్రు. పెద్దాయనను అవమానించిన అని నాకు మెమో, అటెంక బదిలీ. అందుకే ఈడ ఉన్న. ఇంకో సారి చేస్తే ఏడికి పంపుతరో, మీరే చెప్పుండ్రి."

ఆ కోపం అక్కడి నుంచి లేచి ఇంకొకరిని వెతుక్కుంది.

ముఖ్య అతిథి పీఏకు ఫోన్ చేశాను. పాత పరిచయంతో నంబరు దొరికింది. "మూడు మండలాల ప్రోగ్రాములు కలిపి ఒకే రోజు పెట్టుకుందామని సార్ అనుకుంటున్నరు. మిగిలిన రెండు పనులు ఇంకా అయిపోలే," అన్నాడు. అంటే ఇంకెక్కడో కట్టని భవనాల కోసం ఇక్కడ కట్టిన అరుగు ఎదురుచూడాలి.

దాతకు చేశాను. ఆయన గొంతులో అదే మర్యాద. "మీ బాధ నాకు అర్థమైందండి. కానీ ఒక పద్ధతుంటుంది కదా. కొత్తింట్లో పాలు పొంగించకముందు ఎవరైనా కాపురం పెడతారా? నాన్నగారి పేరు మీద పెట్టింది. అందరూ ఎక్కి తిని, ఎంగిలి చేశాక ముఖ్య అతిథిని పిలిస్తే ఏం బాగుంటుంది చెప్పండి. ఒక్క నెల ఓపిక పట్టండి."

"పాలు పొంగించేది కాపురం ఉండేవాళ్లు కదండీ. మీ అతిథి వచ్చి ఇక్కడ కాపురం ఉంటాడా?"

"మీరు పేపరు వాళ్లు, మాటల్లో మిమ్మల్ని గెలవలేం," అని నవ్వి పెట్టేశాడు. నేను గెలవడానికి ఫోన్ చేయలేదు. వీధరుగు మీద చెల్లికి తల దువ్విన తల్లిని గుర్తుపెట్టుకున్న మనిషి, ఈ తల్లుల తిండిని ఎంగిలి అన్నాడు. రెండూ ఒకే నోటి నుంచి వచ్చాయి. అదే నాకు మింగుడుపడలేదు.

చివరికి స్థానిక విలేకరికి చెప్పాను. మంచి కుర్రాడు, నా దగ్గర కొన్నాళ్లు పని నేర్చుకున్నాడు.

"సార్, జరిగితేనే వార్త అని మీరే చెప్పిండ్రు గదా. ఇది జరగలే."

"జరగకపోవడమే వార్తరా."

"అట్లయితే మన మండలంలో రోజూ ఎడిషనంత వార్తలు ఉంటయి సార్." మళ్లీ తనే, "ఆ పెద్దాయనతోని నాకు పని ఉంటది సార్, మీకు తెలవంది కాదు," అన్నాడు.

ఆగస్టు రెండో ఆదివారం వాన. ఆ ముందు రోజు నుంచీ పడుతూనే ఉంది. గోదావరి పెరుగుతోందని టీవీలో చెబుతున్నారు. అయినా తల్లులు వచ్చారు. గేటు బయట కంకర పట్టీ మీద నీళ్లు నిలిచాయి. యూరియా సంచులు మడిచి తల మీద కప్పుకుని, వాటి కిందికే పిల్లలను లాక్కుని నిలబడ్డారు. గేటు లోపల, కనుచూపు దూరంలో, పెంకుల కప్పు కింద అరుగు పొడిగా ఉంది. ఆ ఒక్క వైపే ఇంతమందికీ సరిపోయేంత చోటు. బండ మీద చుక్క నీరు లేదు. తాడు మీద నుంచి మాత్రం నీళ్లు కారుతున్నాయి.

నేను గొడుగుతో నిలబడి వాచ్‌మన్‌తో అన్నాను. "తియ్యి ఆ తాడు."

"నన్ను ఎందుకు సార్ ఇరికిస్తరు. మేడంను అడుగుండ్రి."

మేడం ఆ రోజు లేదు. జిల్లా మీటింగుకు పోయింది. ఫోన్ కలవలేదు. వాచ్‌మన్‌తో నేను వాదిస్తుండగానే, ఆ తల్లి తెచ్చిన అన్నం మూట పిల్ల చేతిలో విడిపోయింది. వాన నీళ్లు పడి అన్నం గంజిలా అయింది. పిల్ల రెండు ముద్దలు తిని ఆపింది. ఆ తర్వాత ఏడవలేదు. అది నాకు బాగా గుర్తు. ప్రతిసారీ ఏడ్చే పిల్ల ఈసారి ఏడవకుండా, లోపలి అరుగు వైపు ఒకసారి, తల్లి కాళ్ల దగ్గర నీళ్ల వైపు ఒకసారి చూసి, "పోదాం పావే," అన్నది.

తల్లి వాచ్‌మన్‌తో, "నాలుగు రోజులు తీసుకపోత, జొరం వచ్చేటట్టున్నది," అన్నది. సంతకం పెట్టించుకుని పంపించారు. ఆటోలో పిల్ల తల్లి ఒళ్లో కూర్చుని ఉండడం కనిపించింది. నాలుగు రోజులు అయిపోయాయి, పిల్ల రాలేదు. ఆ నెలాఖరుకూ రాలేదు.

వానలు తగ్గాక వాళ్ల ఊరికి వెళ్లాను. చర్ల దాకా బస్సు, అక్కడి నుంచి ఆటో. దారిలో పోలీసు క్యాంపు దగ్గర ఆపి, ముసలాయన ఎక్కడికి పోతున్నాడని అడిగారు. బడి మానేసిన పిల్లను పిలవడానికి అంటే, ఒక కుర్ర కానిస్టేబులు, "టీచరా సార్?" అన్నాడు. కాదన్నాను. "మరి మీకేంది?" అన్నాడు. ఎగతాళిగా కాదు, నిజంగానే అర్థం కాక.

తల్లి పత్తి చేలో కలుపు తీస్తున్నది. నన్ను చూసి గట్టు మీదికి వచ్చింది. పిల్ల కొంచెం దూరంలో నిలబడింది.

"బడికి రావా?" అన్నాను పిల్లతో.

చాలాసేపు కాలి వేలితో మట్టి గీకింది. "అమ్మ ఏడ కూసుంటది?"

"అరుగు మీద. వచ్చే రెండో ఆదివారం తాడు ఉండదు. నేను చెప్తున్న."

పిల్ల తల్లి వైపు చూసింది. "ఆయినె వచ్చిపోయిండా?" అన్నది తల్లి. ఎవరి రాక కోసం ఆగిందో గేటు దగ్గర అందరి నోటా వినే ఉంటుంది. రాలేదన్నాను. "మరి ఎట్ల తీస్తరు సారూ?"

"నేను తీస్తా."

ఆమె నవ్వింది. నమ్మిన నవ్వు కాదు, నమ్మలేదని చెప్పి నన్ను నొప్పించడం ఇష్టంలేని నవ్వు. "మంచిది సారూ. చూద్దాం," అన్నది. తాగడానికి నీళ్లు ఇచ్చింది. ఊరి బయటి దాకా వచ్చి ఆటో ఎక్కించింది.

తిరిగి వచ్చి మేడంకు చెప్పాను. రెండో ఆదివారం పొద్దున నేనే వచ్చి తాడు విప్పుతానని, ఎవరైనా అడిగితే నా పేరు చెప్పమని. ఆమె కిటికీ వైపు తిరిగి, "ఆ రోజు నాకు చర్చి ఉంటది సార్. పొద్దుగూకేదాకా రాను," అన్నది. అంతకన్నా ఆమె ఇవ్వగలిగింది ఏమీ లేదు. అప్పుడు కూడా నాకు కోపమే వచ్చింది. కానీ ఆమె మీద కాదు. ఒక టీచరు, తన బడిలో తల్లులు కూర్చోవడం కోసం తాను చర్చిలో దాక్కోవాల్సిన ఈ ఏర్పాటు మీద.

ఆ ఆదివారం పెందలాడే వెళ్లాను. నైలాన్ ముడులు వానకు బిగుసుకుపోయాయి. గోళ్లతో రాలేదు. వాచ్‌మన్ గేటు దగ్గర నుంచి చూస్తూ, "నేను చాయకు పోతున్న సార్. వంటగది కిటికీల కత్తి ఉంటది, నేను చెప్పలే," అని వెళ్లిపోయాడు. కోసిన తాడును చుట్ట చుట్టి గోడ అవతల పారేశాను.

తల్లులు వచ్చారు. లోపలికి వచ్చి అరుగు ముందు ఆగిపోయారు. ఎక్కలేదు. ఇన్ని నెలలు వద్దని నేర్పితే నేర్చుకున్నారు. నేను ఎంత చెప్పినా ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. చాయ తాగి వచ్చిన వాచ్‌మనే, "ఎక్కుండ్రమ్మా, ఎక్కుండ్రి. వద్దన్న నోటితోనే చెప్తున్న," అంటే, ఒక ముసలామె, "నీ నోటికి ఏమాయెరా ఇన్ని దినాలు, పుండు లేచిందా?" అని, ముందు తానే ఎక్కి కూర్చుంది. తర్వాత అందరూ ఎక్కారు. ఆకులు పరిచారు. కాసేపటికి అక్కడ పిల్లల గోల తప్ప ఏమీ వినిపించలేదు.

నేను గేటు వైపే చూస్తున్నాను. చర్ల వైపు నుంచి ఆటోలు వచ్చిపోతున్నాయి. బాగా పొద్దెక్కాక ఆ తల్లి దిగింది. ఒక్కతే.

"పిల్ల ఏదమ్మా?"

"మా అక్కతోని పోయింది సారూ. మిరపనారు నాటే కూలి ముఠాల. గోదారి ఒడ్డు తోటలకు." నా మొహం చూసి, తానే నన్ను ఓదారుస్తున్నట్టు, మెల్లగా చెప్పింది. "మీరు వచ్చిపోయినంక రెండు దినాలు వస్తనన్నది. అటెంక ముఠా బయలెల్లింది, దాని తోటి పిల్లలంత పోతున్నరు, అదీ పోయింది. నేను బలిమి చెయ్యలే. బలిమి చేసి తెచ్చి మళ్ల ఆ గేటు కాడ ఇడిచి పోవుడు నాతోని కాదు."

"ఇంకో నెల ఆగితే..."

"పని మరిగినంక బడి మీద మనసు పడతదా సారూ. నాకు తెల్వదా." ఆమె చేతిలో సంచి ఖాళీగా ఉంది. "దాని పెట్టె తీసుకపోదామని వచ్చిన. బట్టలున్నయ్, దుప్పటున్నది."

వార్డెన్ తాళాల కోసం ఎవరినో పంపింది. కాసేపు పడుతుందన్నారు. నేను ఆమెను అరుగు మీద కూర్చోమన్నాను. వద్దంటుందనుకున్నాను, కూర్చుంది. కాళ్లు కింది మెట్టు మీద పెట్టుకుంది. రెండు చేతులూ ఇటూ అటూ బండ మీద ఆనించింది. ఆమె మోకాళ్ల కొలతకు కట్టిన ఎత్తు, సరిగ్గా సరిపోయింది. ఆ కాళ్ల మధ్య బిడ్డ కూర్చునే చోటు ఖాళీగా ఉంది. పక్కన కూర్చున్న తల్లి తన ఆకులోంచి ఇంత అన్నం, చేప ముక్క తీసి ఆమె చేతిలో పెట్టింది. ఆమె తిన్నది.

"మంచిగనే కట్టిండ్రు," అన్నది, ఎవరితోనూ అన్నట్టు కాకుండా. ఆ తర్వాత నా వైపు తిరిగింది. కోపం లేదు ఆ గొంతులో. అది ఉంటే నాకు సులువయ్యేది. "ఆ వాన దినం ఒక్కనాడు ఎక్కనిస్తే ఏమయ్యేది సారూ? ఏమన్న విరిగేదా?"

పెట్టె వచ్చింది. నీలం రంగు రేకు పెట్టె, మూత మీద పిల్ల పేరు తెల్ల పెయింటుతో. ఇద్దరు తల్లులు సాయం పట్టి ఆమె తల మీదికి ఎత్తారు. ఆటోలో చోటు లేదంటే తర్వాతి ఆటో కోసం రోడ్డు పక్కన, ఆ కంకర పట్టీ మీదే నిలబడింది. పెట్టె దించలేదు.

మర్నాడు మేడం ఫోన్ చేసింది. డేట్ వచ్చిందట. అరుగు ఆలోచన మీదే కాబట్టి వేదిక మీద కూర్చోవాలని, రెండు మాటలు మాట్లాడాలని దాతగారు ప్రత్యేకంగా చెప్పమన్నారట. కొత్త తాడు కట్టించానని కూడా చెప్పింది, కొంచెం గొంతు తగ్గించి.

"ఆ పిల్లను, వాళ్లమ్మను పిలుస్తారా?" అన్నాను.

"ఆ పిల్ల ఇప్పుడు మన స్టూడెంట్ కాదు కదా సార్."

నా కుర్చీ వేయొద్దని చెప్పాను.